అమావాస్య దాటితే తన్నే కారు

2023 ఎండాకాలం. చెన్నై చింతాద్రిపేటలో, కూవం ఒడ్డుకి రెండు వీధుల ఇవతల మా వర్క్‌షాపు. బోర్డు మీద తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో ‘ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పని మాత్రమే’ అని రాసి ఉంటుంది. ఆ ‘మాత్రమే’ నేను పట్టుబట్టి రాయించిన మాట. బ్రేకులు, ఏసీ, డెంటింగు, పెయింటు అన్నీ చేస్తామనేవాళ్ళు మా చుట్టుపక్కల కావలసినంత మంది ఉన్నారు. నేను చేసేది ఒకే పని, అది బాగా చేస్తాను. గొప్పలు చెప్పుకుంటున్నాడు అనుకుంటే అనుకోండి. ఇన్నేళ్ళు గేర్‌బాక్స్ నూనెలో చేతులు ముంచినవాడికి ఆ మాత్రం హక్కుంది.

మా వాళ్ళు ఈ పేటకి మగ్గాలతో వచ్చినవాళ్ళు. మా ముత్తాత తర్వాత మగ్గం ఎవరూ ముట్టుకోలేదు గానీ, ఆయన మాట ఒకటి ఇంట్లో ఉండిపోయింది. పోగు తెగితే తెగిన పోగు వెతకాలి గాని పంచె చించకూడదు అనేవాడట. నా వృత్తికి నాకు దొరికిన చదువు అదే. ఎవరైనా వచ్చి “ఫలానా చోట గేర్‌బాక్స్ మొత్తం మార్చమన్నారు” అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు తెగిన పోగు చూపించమంటాను.

సంగతిలోకి వెళ్ళే ముందు, తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. మామూలు కారులో ఎడమ కాలితో క్లచ్ తొక్కి, చేత్తో గేరు మారుస్తాం. ఆటోమేటిక్‌లో ఆ పని నూనె చేస్తుంది. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య టార్క్ కన్వర్టర్ అని ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది చూడండి, ఆ డబ్బాలో జరిగేదీ అదే, గాలికి బదులు నూనె. ఇక గేర్‌బాక్స్ లోపల సోలినాయిడ్లు ఉంటాయి. అవి కరెంటుతో పనిచేసే చిన్న కుళాయిలు. ఏ కుళాయి ఎప్పుడు, ఎంత తెరవాలో టీసీఎం, అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్, చెబుతుంది. అంతా సవ్యంగా ఉంటే గేరు మారిన సంగతే తెలియదు. ఎక్కడైనా తేడా వస్తే గేరు ఆలస్యంగా పడుతుంది. పడినప్పుడు దభీమని ఒక కుదుపు. మా భాషలో దాన్ని ‘గేరు తన్నడం’ అంటాం.

ఆ రోజు పొద్దున్నే ఒక చిన్న సెడాన్ కారు షాపు ముందు ఆగింది. అందులోంచి ఒకామె దిగింది. నలభైకి దగ్గరలో ఉంటుంది. ఎడమ కాలికి తోలు పట్టీలతో ఇనుప కాలిపర్ ఉంది. చిన్నప్పుడు పోలియో వచ్చిందని ఆమే తర్వాత చెప్పింది. పేరు మాధవి. బెజవాడ వైపు మనిషి, భర్త ఉద్యోగం కోసం వచ్చి మైలాపూరులో కాపురం ఉంటున్నారు.

“నాయుడు గారంటే మీరేనాండీ?” అంది. “రివర్స్ నుంచి డ్రైవ్‌కి వేస్తే ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత దభీమని తంతుంది. రెండో గేరు నుంచి మూడుకి వెళ్ళేటప్పుడూ అంతే. కానీ ఇవాళ లేదండి. ఇవాళ బుద్ధిగా వచ్చింది.”

“డాక్టరు వాకిట్లోకి రాగానే జొరం దిగిపోతాది, అంతేనా?” అన్నాను.

ఆమె నవ్వలేదు. “కంపెనీ సర్వీసు వాళ్ళ దగ్గర కూడా ఇంతేనండి. నేను చెప్పడం, వాళ్ళు స్కానర్ పెట్టి ఏమీ లేదనడం. ఈసారి వెళ్తే, ఇక గేర్‌బాక్స్ మార్చి చూడటమే అన్నారు. వారంటీ అయిపోయింది. మా ఆయన అమ్మేద్దాం అంటున్నారు.”

వాళ్ళని నేను తప్పు పట్టను. స్కానర్ అంటే కారు కంప్యూటర్‌తో మాట్లాడే మీటరు. కంప్యూటర్ తప్పు అని రాసిపెట్టుకున్నదే అది చెబుతుంది. కారు బుద్ధిగా ఉన్న రోజున ఎవరు చూసినా ఏం కనబడుతుంది? కానీ బుద్ధిగా ఉన్న కారుకి గేర్‌బాక్స్ మార్చడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

“అమ్మేస్తే ఏమైతాది?” అని అడిగాను. ఇది కూడా నేను అందరినీ అడిగే ప్రశ్నే. కారు మనిషికి ఏం చేస్తోందో తెలిస్తే, ఆ కారుని ఎలా నడుపుతున్నారో సగం తెలుస్తుంది.

మాధవి ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చి మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళని మళ్ళీ నడిపించడం ఆమె పని. పొద్దున ఒక వీధి, మధ్యాహ్నం ఒక వీధి, సాయంత్రం ఇంకో పేట. “ఆటోల కోసం వీధి చివర నిలబడి నిలబడి సగం రోజు పోయేదండి. ఉన్న కాలు కూడా వాచిపోయేది. క్లచ్ తొక్కలేను గనక మామూలు కారు నాకు పనికిరాదు. ఈ కారు వచ్చాకే ఇంతమందిని చూడగలుగుతున్నాను. నడక సరిగా రానిది నడక నేర్పడానికి వచ్చిందని నవ్వుకునేవాళ్ళూ ఉన్నారు. కొన్నాళ్ళకి వాళ్ళే నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతారు.” ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె గొంతులో వినబడింది నాకు బాగా తెలిసిన గర్వం. పని తెలిసినవాళ్ళ గర్వం. ఆ క్షణంలోనే ఈ కారు అమ్మనివ్వకూడదని అనుకున్నాను.

భయం కూడా ఉంది. పోయిన నెల మైలాపూరులో కుడివైపు తిరగబోతే గేరు పడలేదట. కారు రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది, ఎదురుగా బస్సు. డ్రైవరు బ్రేకు కొట్టాడు గనక సరిపోయింది. ఇంట్లో చెబితే ఆ రోజే తాళాలు లాగేసుకుంటారని చెప్పలేదు. “మా అత్తయ్యకి ముందే భయం. ఆవిడ మాతోనే ఉంటారు, కానీ ఇంతవరకూ నా కారెక్కలేదండి. గుడికైనా, ఆసుపత్రికైనా ఆటోలోనే. మా ఆయన నడిపితే ఎక్కుతారు. నేనైతే ఎక్కరు.”

మా షాపులో ఒక పద్ధతి ఉంది. బానెట్ ఎత్తేటప్పుడు కారుగలవాళ్ళు పక్కనే నిలబడాలి. లోపల ఏం చూస్తున్నానో చెబుతూ చూస్తాను. కొందరికి అది విసుగు. మాధవి మాత్రం రోగి ఎక్స్‌రే చూసినట్టు వంగి చూసింది.

ముందు నూనె చూశాను. దాన్ని ఏటీఎఫ్ అంటాం. తేటగా ఉన్న ఎర్రటి నూనె, మాడు వాసన లేదు. నూనె నల్లబడి మాడు వాసన వేస్తే లోపలి క్లచ్ ప్లేట్లు అరిగాయని అర్థం. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఇంజను మౌంట్లు, అంటే ఇంజనుని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, గట్టిగా ఉన్నాయి. స్కానర్‌లో ఒక్క తప్పూ లేదు. మల్టీమీటర్ పెట్టి కరెంటు సరిగ్గా పారుతోందో లేదో చూశాను, అందులోనూ పెద్ద తేడా లేదు. ఆమెనే నడపమని పక్కన కూర్చుని ఒక చుట్టు తిరిగొచ్చాను. చక్కగా నడిపింది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టడంలో తొందర లేదు. సిగ్నల్ దగ్గర మన జనానికి ఉండే అలవాటు, పెట్రోలు కలిసొస్తుందని ఊరికే న్యూట్రల్‌కి తీయడం, మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కుతూ డ్రైవ్‌లో పడెయ్యడం, ఆమెకి లేదు. నడిపే మనిషిలో తప్పు లేదు. గేర్‌బాక్సులో తప్పు కనబడలేదు. అయితే తప్పు వచ్చిపోయే చోటెక్కడో ఉంది.

తిరిగి వచ్చి బానెట్ మళ్ళీ ఎత్తాను. ఇంట్లో పంచె కట్టేటప్పుడు కూడా అంచు పోగు చూడకుండా ఉండలేని వంశం మాది. బ్యాటరీని బిగించే ఇనుప కమ్మీకి చిన్న పసుపు దారం ముక్క కనబడింది. నూలు దారం, రెండు పేటలు, మధ్యలో ముడి. కారు కంపెనీవాళ్ళు పసుపు రాసిన నూలు వాడరు. దాని కింద, బ్యాటరీ ట్రే మూలలో, ఎండిపోయిన పచ్చిమిరపకాయ తొడిమె ఒకటి.

“దిష్టికి నిమ్మకాయలు కడతారా అమ్మా?” అన్నాను మామూలుగా.

ఆమె మొహం బిగుసుకుంది. “లేదండి. కారు కొన్న రోజున అత్తయ్య బంపరుకి కట్టారు. నేనే తెంపేశాను. చిన్నప్పటి నుంచి నాకు ఎంతమంది దిష్టి తీశారో. ఎవరి కన్నో పడి కాలు ఇలా అయిందని మా వీధంతా అనేది. వీధిలోకెళ్తే చాలు, అయ్యో పాపం అనేవాళ్ళు. ఈ కారులో కూర్చున్నప్పుడు నన్ను ఎవరూ అయ్యో అనరండి. దానికి కూడా నిమ్మకాయ కట్టుకుని తిరగాలా?”

సరే అని ఆ మాట అక్కడితో వదిలేశాను. వేరే చోటు నుంచి అడిగాను. “ఏయే దినాల్లో తన్నిందో గుర్తుండాదా? తారీఖులు వద్దు. ఆ దినం ఇంకేం జరిగిందో చెప్పండి.”

ఆమె ఆలోచించింది. “బస్సు సంగతి జరిగినప్పుడు, రోడ్డు మీద పగిలిపోయిన గుమ్మడికాయలు ఎండిపోయి ఉన్నాయండి. వాటిని తప్పిస్తూనే వచ్చాను. అంతకు ముందు నెల, ఒక షాపు ముందు అప్పుడే కొట్టిన గుమ్మడికాయ మీద స్కూటరు జారిపడింది. దాని మర్నాడో ఆ మర్నాడో మొదలైంది. వారం పదిరోజులు ఏడిపించి తగ్గిపోయింది.”

చెన్నైలో ఉండేవాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. ఇక్కడ నెలనెలా అమావాస్యకి షాపులవాళ్ళు గుమ్మడికాయకి కుంకుమ పూసి వాకిట్లో పగలగొడతారు. గోడ మీద రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉంది. వెళ్ళి చూశాను. అమావాస్య ఆ వారంలోనే ఉంది.

“ఈ అమావాస్య దాటినాక రెండు మూడు దినాల్లో మళ్ళా తంతాది,” అన్నాను. “తన్నినప్పుడు ఇంటికి పోవద్దు. ఏడ ఉన్నా మెల్లగా నేరుగా ఈడికే రండి. ఇంట్లో ఎవరికీ ఫోన్ కూడా చెయ్యొద్దు.”

“మీరు మెకానిక్కా, జ్యోతిష్కులా?” అంది. మొదటిసారి నవ్వింది.

నాకు అప్పటికే ముప్పాతిక భాగం తెలిసిపోయింది. కానీ కళ్ళారా చూడనిది చెప్పడం నా అలవాటు కాదు. అందులోనూ ఇది ఒక ఇంటి సంగతి. బోల్టు తిప్పినట్టు తిప్పితే కుదరదు.

అమావాస్య వెళ్ళింది. వెళ్ళిన మూడో రోజు మధ్యాహ్నం, కరెంటు పోయి షాపులో అందరం విసనకర్రలతో కూర్చున్నప్పుడు, ఆ కారు వచ్చింది. వాకిట్లో ఆగడం ఆగడమే ఒక కుదుపుతో ఆగింది. మాధవి చెమటతో తడిసిపోయి ఉంది. “మీరు చెప్పినట్టే అయిందండి. మందవెల్లి దగ్గర మొదలెట్టింది. రోడ్డు పొడుగునా తన్నుకుంటూ వచ్చింది.”

నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే నాకు కలిగింది ఆనందం. ఆమె పడిన కష్టానికి కాదు. నా లెక్క తప్పలేదని. ఈ వృత్తిలో అలాంటి క్షణాలు ఎన్నో రావు, వచ్చినప్పుడు దాచుకోవడం నాకు చేతకాదు.

“దిగి ఈడ నిలబడండమ్మా. బానెట్ మీ ముందే ఎత్తుతా,” అన్నాను.

ఎత్తాను. బ్యాటరీ కమ్మీకి పసుపు దారంతో వేలాడుతూ, మిరపకాయల మధ్య నిండు నిమ్మకాయ. ఇంజను వేడికి మెత్తబడిపోయింది. దారం గుచ్చిన సూది బెజ్జంలోంచి రసం ఒక్కొక్క బొట్టే కింద ట్రేలోకి కారుతోంది.

మాధవి చూసింది. నేను పని మీద పడ్డాను. మల్టీమీటర్ తీసి ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో మొన గేర్‌బాక్స్ ఒంటి మీద పెట్టాను. ఇంజను నడుస్తుండగా ఈ రెంటి మధ్య అంకె సున్నాకి దగ్గరగా ఉండాలి. అంటే కరెంటు తిరిగి వెళ్ళే దారి సాఫీగా ఉందని. దాన్ని ఎర్త్ అంటాం. లైట్లు, ఏసీ వేసి డ్రైవ్‌లో పెట్టగానే అంకె పైకి ఎక్కి ఊగింది. మొదటి రోజు ఇదే పరీక్షలో పెద్ద తేడా కనబడలేదు. అప్పుడు నిమ్మకాయ లేదు, తడీ లేదు.

బ్యాటరీ దించి ట్రే తీశాను. అసలు చోటు దాని కింద ఉంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే జడలాంటి ఎర్త్ తీగ కారు ఒంటికి బోల్టుతో బిగిసే చోటు అది. టీసీఎం ఎర్త్ కూడా ఆ బోల్టుకే. నెలనెలా కారిన రసం ట్రే రంధ్రంలోంచి సరిగ్గా దాని మీదే పడింది. బోల్టు చుట్టూ పచ్చటి తుప్పు పొడి. తీగ చివర బోల్టు దూరే కన్నుని తుప్పు సగం తినేసింది. రసం తడిగా ఉన్నన్నాళ్ళూ కరెంటు దారి తప్పేది. సోలినాయిడ్లకి అందాల్సినంత అందక గేర్లు తన్నేవి. ఎండకి ఆరిపోగానే ఏదో కాస్త సర్దుకునేది. కంప్యూటర్ తప్పు అని రాసుకునేంత పెద్ద తేడా కాదు గనక స్కానర్‌కి దొరకలేదు. గేర్‌బాక్స్ లోపల ఈగ వాలినంత తప్పు కూడా లేదు. ఆ బోల్టు చేతిలో పెట్టుకుని మాధవికి చూపించాను. తెగిన పోగు అదే.

ఆమె కొంచెంసేపు దాన్నే చూసి ఫోన్ తీసింది. గొంతు మామూలుగానే ఉంది. “అత్తయ్యా, చింతాద్రిపేటలో షాపులో ఉన్నాను. మీరొకసారి రండి. కారు దగ్గరికే.”

ఆటోలోంచి దిగిన పెద్దావిడ పేరు రాజేశ్వరమ్మ. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా నడుస్తుంది. వచ్చీ రాగానే బెంచీ మీద పెట్టిన నిమ్మకాయని చూసింది. అది అక్కడ ఉండటమే ఆవిడకి సమాధానం.

“నువ్వు బయట కడితే తెంపేస్తావు గదా అని లోపల కట్టాను,” అంది.

“బానెట్ ఎత్తడం మీకెలా తెలుసు అత్తయ్యా?”

“బాగుంది. మీ మావయ్య లారీ ఇరవై ఏళ్ళు నడిపాడు. నీళ్ళు పోయడానికి బానెట్టు ఎత్తింది నేనే.”

“మరి సర్వీసుకి ఇచ్చినప్పుడు?”

“ముందు రోజే తీసేసేదాన్ని. మొన్న ఇక్కడికి తెచ్చినప్పుడూ అంతే. నీకు తెలిస్తే నొచ్చుకుంటావని.”

మాధవి అప్పటిదాకా అణచుకున్నది బయటికి వచ్చింది. “నా కాలు చూసి గదా కట్టారు. అందరిలాగే మీరూనా? ఆ నిమ్మకాయ వల్ల నేను బస్సు కింద పడబోయాను, తెలుసా మీకు?”

పెద్దావిడ బెంచీ మీద కూర్చుంది. బస్సు సంగతి ఆవిడ వినడం అదే మొదలు. నెమ్మదిగా చెప్పింది. “మీ మావయ్య లారీకి అమావాస్య అమావాస్యకీ నేనే కట్టేదాన్ని. ఒక్క నెల మా అమ్మకి ఒంట్లో బాగోలేదని పుట్టింటికి వెళ్ళాను. కట్టలేదు. ఆ నెలలోనే లారీ తిరగబడి ఆయన పోయాడు. నీ కాలు చూసి కట్టలేదమ్మా. నా కొడుకు నడిపే బండికి కూడా కడతాను, అడుగు వాణ్ణి. స్టీరింగు పట్టుకున్నవాళ్ళ కోసం కట్టడం ఒక్కటే నాకు తెలిసింది. నీ కారు ఎక్కకపోవడం కూడా అందుకే. ఎక్కితే నీ చేతులే చూస్తూ కూర్చుంటాను, నా భయం నీకు అంటుకుంటుందని.”

షాపులో కరెంటు వచ్చి ఫ్యాను తిరగడం మొదలైంది. నేను నాకు తెలిసిన విషయంలోనే మాట్లాడాను.

“నిమ్మకాయతో నాకేం తగాదా లేదమ్మా. అది కట్టిన చోటుతోనే,” అన్నాను. “ఆడ కరెంటు పొయ్యే దారి ఉండాది. పులుపు పడితే తినేస్తాది. అంతే. మీ ఇద్దరి తప్పూ లేదు, గేర్‌బాక్స్ తప్పూ లేదు.”

మాధవి కళ్ళు తుడుచుకుంది. కాలిపర్ చప్పుడు చేసుకుంటూ కారు ముందుకి వెళ్ళి నిలబడింది. “బయట కట్టుకోవడానికి చోటు ఉందాండీ? దేన్నీ పాడు చెయ్యకుండా?”

ఉంది. బంపరులో చిన్న మూత వెనక మరలు కోసిన రంధ్రం ఉంటుంది. కారు ఆగిపోతే లాక్కెళ్ళడానికి అందులో కొక్కెం బిగిస్తారు. డిక్కీలో స్టెప్నీ పక్కన పడి ఉన్న ఆ కొక్కెం తెచ్చి బిగించాను. “ఈడ కట్టుకోండి. రసం కారినా రోడ్డు మీద పడతాది,” అన్నాను. మాధవి పక్కకి జరిగి అత్తగారికి చోటిచ్చింది.

తర్వాత నా పని. పచ్చ తుప్పంతా గీకి ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాను. పాత తీగ తీసేసి కొత్త ఎర్త్ తీగ, కొత్త కన్ను, కొత్త బోల్టు బిగించాను. టీసీఎం ప్లగ్ విప్పి ఒక్కొక్క పిన్నూ కడిగి ఆరబెట్టాను. పైన నీరు పట్టని గ్రీజు పూశాను. మీటరు పెడితే, ఏసీ వేసినా లైట్లు వేసినా అంకె సున్నా దగ్గర కదలకుండా కూర్చుంది. అంత చక్కగా కూర్చున్న అంకెని ఇద్దరినీ పిలిచి చూపించాను. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని మరీ చూసింది.

ఇంకో మెట్టు ఉంది. దాన్ని రీలెర్న్ అంటాం. ఇన్నాళ్ళూ కుంటి కరెంటుతో సర్దుకుపోయిన కంప్యూటర్ ఆ పాత లెక్కలు మరిచిపోయి, కొత్తగా నేర్చుకోవాలి. స్కానర్‌తో పాతవి చెరిపేసి, కారుని మెల్లగా, అన్ని గేర్లూ పడేటట్టు, రోడ్డు మీద నడపాలి. మామూలుగా నేనే నడుపుతాను. ఆ రోజు తాళాలు మాధవికి ఇచ్చాను. “మీ కారు మీ కాలి దగ్గరే నేర్చుకోవాల,” అన్నాను.

నేను వెనక సీట్లో స్కానర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రాజేశ్వరమ్మ వాకిట్లో నిలబడి ఉంది. ఆటో పిలవమంటుందని అనుకున్నాను. ఆవిడ ముందు తలుపు తీసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కోడలి పక్కన కూర్చుంది. మాధవి వంగి అత్తగారి సీటు బెల్టు లాగి పెట్టింది.

అన్నా సాలై మీదుగా బీచ్ వైపు బయలుదేరాం. ఎండ తగ్గింది. సిగ్నళ్ళు, షేర్ ఆటోలు, అడ్డంగా తోసుకొచ్చే స్కూటర్లు, చెన్నై సాయంత్రం మామూలుగానే ఉంది. నా చేతిలో స్కానర్ మీద గేరు అంకెలు ఒకటి, రెండు, మూడు అని మారుతున్నాయి. ఒంటికి మాత్రం ఏమీ తెలియడం లేదు. పెద్దావిడ చెప్పినట్టే మొదట కోడలి చేతుల వంకే చూస్తూ కూర్చుంది. బీచ్ రోడ్డు ఎక్కేసరికి చూపు కిటికీ బయటికి మళ్ళింది.

ఇక్కడ ఆగి, ఈ కేసు నాకు ఏం నేర్పిందో చెప్పాలి. అంతకు ముందు నేను కారుని నడిపేవాళ్ళని మాత్రమే అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు కలిపాను, మా ఇంట్లో నవ్వినా సరే మానను. ‘మీరు కాక ఈ బానెట్ ఎవరెత్తుతారు? ఈ కారు గురించి మీ ఇంట్లో ఎక్కువ భయపడేది ఎవరు?’ ఆ జవాబులతో చిక్కు విడిన కార్లు తర్వాత ఇంకా ఉన్నాయి. భయపడేవాళ్ళు ఏదో ఒకటి చెయ్యకుండా ఊరుకోరు. చేసింది చెప్పరు. ఏ స్కానరూ దాన్ని పట్టదు.

గర్వం సంగతి కూడా చెప్పేస్తాను. షాపు గోడకి ట్రైనింగు సర్టిఫికెట్లు చాలానే వేలాడుతున్నాయి. వాటిలో దేన్ని చూసినా నాకు ఆ సాయంత్రం కలిగినంత గర్వం కలగదు. ఎందుకంటే, బీచ్ లైట్‌హౌస్ దాటాక పెద్దావిడ వెనకున్న నన్ను కాదు, పక్కనున్న కోడలినే అడిగింది. ఇరవై ఏళ్ళు లారీ గేర్లు కరకరమంటూ పడటం విన్న చెవులవి.

“ఇంతసేపైంది, గేరు ఇంకా మార్చవేమిటే అమ్మాయ్?”

“నాలుగు మారాయి అత్తయ్యా,” అంది మాధవి. “ఇప్పుడు ఐదో గేరులో ఉన్నాం.”